అంపైర్ శాంపిల్

నేను ముప్పై ఏళ్ళకు పైగా గుప్పెడు రాయిని నమ్ముకుని బతికిన మనిషిని. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

భిలాయి ఉక్కు ప్లాంటులో నా ఉద్యోగం ముడిసరుకు శాంపిళ్ళ దగ్గర. ఇనుప ఖనిజం, సున్నపురాయి వ్యాగన్ల కొద్దీ వచ్చేవి. అంత సరుకునీ ఎవరూ పరీక్షించలేరు. అందుకని అక్కడింత ఇక్కడింత తీసి, నలగ్గొట్టి, కుప్ప పోసి, ఆ కుప్పని దిబ్బరొట్టిలా అదిమి నాలుగు ముక్కలు చేసేవాళ్ళం. ఎదురెదురు ముక్కలు రెండు ఉంచి, మిగతా రెండూ పారేసి, మళ్ళీ కుప్ప, మళ్ళీ నాలుగు. అలా చేసుకుంటూ పోతే చివరికి మూడు పొట్లాలు మిగిలేవి. ఒకటి మా ల్యాబ్‌కి. ఒకటి సరుకు పంపినవాళ్ళకి. మూడోది అంపైర్ శాంపిల్. దానికి ఇద్దరి సంతకాలతో చీటీ అంటించి, దారం చుట్టి, లక్క సీలు వేసి, బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళం. మా లెక్కకీ వాళ్ళ లెక్కకీ తేడా వస్తేనే దాన్ని తెరవాలి. గొడవ తీరాక పారేసి, "వివాదం ముగిసింది" అని రిజిస్టర్లో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి.

"మీరు చెత్త మూలలోంచి తీశారు మేడమ్" అని సరుకు పంపినవాళ్ళ మనుషులు నాతో ఎన్నిసార్లు తగువు పడ్డారో. నేనూ తగ్గేదాన్ని కాదు. "మూలలన్నీ తిరిగే తీశాను. నమ్మకం లేకపోతే అంపైర్ తెరిపించండి" అనేదాన్ని. సగం మంది అక్కడితో ఊరుకునేవాళ్ళు. తెరిపించినవాళ్ళలో ఎక్కువమంది ఓడిపోయేవాళ్ళు. ఎప్పుడో ఒకసారి వాళ్ళే నెగ్గేవాళ్ళు. ఆ రోజు నాకు అన్నం సహించేది కాదు. ఆవిడకి ముక్కు మీద కోపం అని డిపార్టుమెంటంతా పేరు పడింది. పడనీ.

మా అప్ప నాకంటే ఆరేళ్ళు పెద్ద. మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటారు. భిలాయిలోనే పుట్టి పెరిగినా మాకు ఆ పిలుపు మారలేదు. బావ పోయాక అప్ప సెక్టర్ 6 మార్కెట్లో చిన్న గది అద్దెకు తీసుకుని జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. తనకి పిల్లల్లేరు, నేను పెళ్ళి చేసుకోలేదు. రిటైరై నా క్వార్టరు ఖాళీ చేశాక ఇద్దరం భిలాయిలోనే కోహ్కా అనే చోట ఒక ఇంట్లో ఉంటున్నాం.

మిషన్ మీద ఎవరైనా కుడతారు. అప్ప పేరంతా చేతికుట్టులో ఉంది. హుక్కులు, కాజాలు, అంచులు తను కుడితే దారం ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో వెతుక్కోవాలి. బెంగాలీలు, ఒడియావాళ్ళు, మలయాళీలు, మనవాళ్ళు, ఎవరింట్లో పెళ్ళయినా జాకెట్టు మాత్రం "ఆంధ్రావాలీ దీదీ" దగ్గరికే వచ్చేది. కుట్టుకూలి మీద ఒక్క రూపాయి ఎక్కువిచ్చినా తీసుకోదు గానీ, కుట్టు బాగుందంటే మాత్రం పొంగిపోతుంది.

అలాంటి మనిషికి పెద్దపేగులో కేన్సర్ బయటపడింది. రాయ్‌పూర్‌లో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, ఆ తర్వాత ఆరు నెలలు నరంలోకి మందు ఎక్కించారు. దాని పేరు పలకడానికి అప్ప ఓపిక చేసుకోలేదు. వేళ్ళ మందు అనేది. ఎందుకంటే అది మొదట పట్టుకున్నది వేళ్ళనే. చల్లనీళ్ళు ముట్టుకుంటే కరెంటు కొట్టినట్టు ఉండేది. ఫ్రిజ్ తలుపు నేను తియ్యాల్సిందే. తర్వాత తిమ్మిరి. ఆ తర్వాత తిమ్మిరి కూడా లేదు, అసలు వేళ్ళున్నట్టే తెలిసేది కాదు.

ఒకరోజు షాపుకి వెళ్ళేసరికి మీగడ రంగు పట్టుజాకెట్టు ఒళ్ళో పెట్టుకుని బొమ్మలా కూర్చుని ఉంది. జాకెట్టు మీద వరసగా ఎర్ర చుక్కలు. సూది వేల్లో దిగింది, నాలుగైదుసార్లు దిగింది, తనకి తెలియలేదు. రక్తం చూసి తెలుసుకుంది.

"ఒలే, నా ఏలు నాకు సెప్పనేదే" అంది అప్ప.

ఆవిడ ఏడవడం బావ పోయినప్పుడు చూశాను, మళ్ళీ ఆ రోజు చూశాను. 

మందు ఆపాక వేళ్ళు మెల్లగా తిరిగొచ్చాయి. అన్నీ కాదు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ సగమే వచ్చాయి. సూది పట్టుకునేవి ఆ రెండే కదా. ఆ సగంతోనే అప్ప మళ్ళీ నేర్చుకుంది. సూదిని వేలికొసన కాకుండా కణుపు దగ్గర పట్టుకోవడం, మధ్యవేలికి పని చెప్పడం, చిన్నపిల్లలా పాత గుడ్డల మీద నెలల తరబడి కాజాలు కుట్టడం. ఏడాది పట్టింది. మళ్ళీ పెళ్ళి జాకెట్లు రావడం మొదలైంది. అప్పుడు స్కానింగ్‌లో లివర్ మీద కేన్సర్ మచ్చలు కనిపించాయి.

పెద్దదాన్ని కోసి తీసేస్తామన్నారు. చిన్నవి మూడు అవతలి వైపున్నాయి, వాటిని మందుతోనే చూడాలి. ఏ మందు అంటే, మళ్ళీ వేళ్ళ మందే.

డాక్టరు చెడ్డవాడు కాదు. ఓపికగా మాట్లాడతాడు. మా మాటలన్నీ హిందీలోనే. "ఇంకో మందు కూడా ఉంది ఆంటీజీ. కానీ ఏడాదిన్నర పాటు రోగం ఆగిందంటే మొదటిది పనిచేసినట్టే. ఇలాంటి కేసుల్లో ఎక్కువమందికి దాంతోనే మేలు జరుగుతుంది" అన్నాడు.

బయటికొచ్చి ఆటో ఎక్కాక అప్ప అంది: "ఎక్కువమంది సంగతి నాకెందుకే? ఆ ఎక్కువమంది కాజాలు కుడతారేటి? ఈసారి ఏళ్ళు పోతే మరి రావు. ఏళ్ళు పోయినాక నాను బతికి ఏటి సెయ్యాలి, గోడలు సూడాలా?"

నాకు భయం వేసింది. అప్ప పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. ఆ మందే పెడతామంటే అసలు ఆసుపత్రికే రానంటుంది. నాకు అప్ప కావాలి. అప్పకి వేళ్ళు కావాలి. ఆ రెండూ దక్కే దారి ఏదో ఒకటి ఉండి తీరాలని నేను మొండికేశాను.

దారి చెప్పింది లివర్ ఆపరేషన్ చేయబోయే సర్జన్. హైదరాబాద్‌లో ఒక పరిశోధనశాల ఉందట. గడ్డలోంచి తీసిన ముక్క బతికుండగానే పంపితే, దాన్ని విడగొట్టి, జెల్లీ చుక్కల్లో పెట్టి, ఆహారం పోసి పెంచుతారట. రెండు మూడు వారాలకి ఆ కణాలు చిన్న చిన్న ఉండలు కడతాయి. వాటిని ఆర్గనాయిడ్లు అంటారు. అవి ఆ మనిషి గడ్డలాగే ప్రవర్తిస్తాయి. వాటి మీద మందులు పోసి ఏది చంపుతుందో, ఏది చంపదో చూస్తారు. "ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. ఫలితం చూసి మందు మార్చాలని రూలేమీ లేదు. మాటివ్వలేను" అందావిడ.

మాట ఎవరిక్కావాలి? నాకు ఆ ఒక్క వాక్యంతోనే ప్రాణం లేచొచ్చింది. గుప్పెడు తీసి మొత్తం సరుకు సంగతి చెప్పడం నా విద్యే కదా! వేళ్ళ మందుని అప్ప ఒంట్లో పరీక్షించే బదులు అప్ప గుప్పెట్లో పరీక్షిస్తారు. ఇంతకంటే న్యాయమైన పద్ధతి ఇంకేముంది?

అప్పకి చెప్తే వెంటనే ఒప్పుకుంది. "ఇన్నాళ్ళూ కొత్త మందులొస్తే ఏటి మీద సూసేవోరు?" అని అడిగింది.

"ఎక్కువగా ఎలకల మీద."

"ఎలక్కి నా రోగం ఏటి తెలుసునే?" అంది.

హైదరాబాద్ నుంచి డబ్బా వచ్చింది. లోపల చల్లటి ప్యాకులు, వాటి మధ్య గులాబీరంగు నీళ్ళతో రెండు ట్యూబులు. ఆపరేషన్ రోజు సర్జన్ గడ్డకి ఈ అంచు నుంచి ఒక ముక్క, ఆ అంచు నుంచి ఒక ముక్క కోయించి రెండు ట్యూబుల్లో వేయించింది. థియేటర్ నర్సు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, కింద కొరియర్ మనిషి ఉన్నాడు, ఇచ్చేయండి అంది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. సిగ్గుగానే ఉంటుంది, అయినా చెప్తాను.

రెండు ట్యూబులు చూడగానే నాకు ఇంకో ఆలోచనే రాలేదు. ఒకటి ల్యాబ్‌కి. ఒకటి అంపైర్. రేపు డాక్టరు ఆ ఫలితం నమ్మనంటే? ల్యాబ్‌లోనే పొరపాటు జరిగితే? మొత్తం సరుకు ఒకళ్ళ చేతికే ఇచ్చేసి చేతులు దులుపుకోవడం నా జన్మలో చెయ్యలేదు. బ్యాగులో ముందురోజే పెట్టుకున్నాను చూడండి, దారం, లక్క కడ్డీ, అగ్గిపెట్టె! అంటే ఎంత ముందునుంచి నా బుర్రలో ఉందో మీరే అర్థం చేసుకోండి. ఒక ట్యూబు తీసి, చీటీ రాసి, నేను సంతకం చేసి, నర్సు చేత సంతకం పెట్టించాను. ఆ పిల్ల ఏదో రశీదు అనుకుని పెట్టేసింది. ఆసుపత్రి వెనక సైకిల్ స్టాండు దగ్గర లక్క కరిగించి సీలు వేశాను. ఒక చల్లటి ప్యాకు జతచేసి స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టాను. అప్పని ఐసీయూలో ఉంచారు కాబట్టి, రాత్రికి డబ్బాని కోహ్కా తెచ్చి ఫ్రిజ్‌లో పైన, మంచు గడ్డకట్టే అరలో దాచాను. ఎంత చల్లగా ఉంటే అంత పదిలం అనుకున్నాను. సున్నపురాయి పొట్లం ఏడాది ఉంచినా సున్నపురాయే మరి.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ల్యాబ్ అమ్మాయి, చక్కటి హైదరాబాద్ తెలుగు.

"మేడమ్, రెండు ట్యూబులు రావాలి. ఒకటే వచ్చింది."

"రెండోది నా దగ్గర సీలు వేసి భద్రంగా ఉందమ్మా" అన్నాను, ఎంత గర్వంగా అన్నానో. "మీ రిజల్ట్ మీద ఎవరికైనా అనుమానం వస్తే అప్పుడు తెరుద్దాం."

ఆ అమ్మాయి నెమ్మదిగా, "అది బతికున్న కండ మేడమ్. ఒక్కరోజులో ఇక్కడికి చేరాలి. కాగితంలో రాశాం కదా. ఎక్కడ పెట్టారు?" అంది.

ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే వెళ్ళి డబ్బా తీశాను. ట్యూబు రాయిలా ఉంది. గులాబీ నీళ్ళు గడ్డకట్టి, మధ్యలో ఆ చిన్న ముక్క.

"గట్టిగా అయిపోయిందమ్మా."

"ఇంక పనికిరాదు మేడమ్" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది, తిరిగి తిట్టేదాన్ని. "గడ్డ అంతా ఒకేలా ఉండదు. అందుకే రెండు అంచుల నుంచి తీయించాం. పర్వాలేదు, ఉన్నదాంతో ప్రయత్నిస్తాం."

ముప్పై ఏళ్ళు మూలలన్నీ తిరిగి తీశానని గొంతు చించుకున్న దాన్ని, అప్ప విషయంలో ఒక మూలని నా చేతుల్తో చంపేశాను. నా తల తీసేసినట్టయింది. ఆ సంగతి అప్పకి చెప్పలేదు. ప్లాంటులో జనరల్ మేనేజరు ముందు కూడా తగ్గని నోరు, ఆ నెల రోజులూ ఇంట్లో పెగల్లేదు. డబ్బాని మాత్రం పారెయ్యలేదు. సీలు వేసిన అంపైర్‌ని ముక్క ఎవరిదో ఆ రెండో పక్షం సంతకం లేకుండా పారేసే అధికారం నాకు లేదు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి అప్ప మెల్లగా లేచి తిరగడం మొదలుపెట్టింది. మూడు వారాలకి ల్యాబ్ అమ్మాయి ఫోన్‌కి ఫోటో పంపింది. మైక్రోస్కోపులో తీసింది. బూడిదరంగు వెలుగులో గుండ్రటి ఉండలు, కొన్ని బోలుగా, కొన్ని నిండుగా. అప్ప కళ్ళజోడు పెట్టుకుని ఫోన్‌ని దగ్గరికీ దూరంగానూ పట్టుకుని చూసింది.

"ఇయ్యేనా నావి? సగ్గుబియ్యం నాగున్నాయి." ఇంకాసేపు చూసి, "నా తిండి తిని పెరిగి నన్నే తింతన్నాయి, సూడు" అంది. ఆ గొంతులో కోపం ఉంది. భయం మాత్రం లేదు.

తర్వాత అమ్మాయి ఫోన్ చేసి అసలు సంగతి చెప్పింది. ఒక్క ముక్క నుంచే పెంచారు కాబట్టి ఉండలు ఎక్కువ రాలేదట. ఏడెనిమిది మందులు పరీక్షిద్దామనుకున్నారు, ఇప్పుడు రెండింటికే సరిపోతాయి. ఏ రెండు అని అడిగింది. ఏ రెండు మందులని అప్పని అడిగాను. అప్ప ఫోన్ లాక్కుంది.

"నా ఏళ్ళు తినేసిన మందు ముందర ఎయ్యమ్మా. డాక్టరు సెప్పిన రెండోది తరవాత ఎయ్యి. మరేటీ వద్దు."

పది రోజులకి రిపోర్టు వచ్చింది. రెండు గీతలున్న గ్రాఫు బొమ్మ. రెండో మందు పెంచుకుంటూ పోతే ఉండలు పడిపోతూ వచ్చాయి, గీత కిందికి దిగింది. వేళ్ళ మందు ఎంత పెంచినా ఉండలు దాదాపు అలాగే ఉన్నాయి. ఆ గీత భోజనాల బల్లలా చదునుగా పోయింది. నాకు బొమ్మలు చదవడం కొత్త కాదు. వంటింట్లోకి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాను. సంతోషమూ కోపమూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో నాకు తెలియదు.

రాయ్‌పూర్ వెళ్ళి రిపోర్టు డాక్టరు ముందు పెట్టాం. శ్రద్ధగానే చదివాడు. రెండుసార్లు చదివాడు.

"ఇది గిన్నెలో జరిగింది మేడమ్. మనిషి ఒంట్లో రక్తం ఉంటుంది, లివర్ ఉంటుంది, ఇంకా చాలా ఉంటాయి. పైగా ఇది ఒక్క ముక్క. గడ్డలో ఒక మూల ఒకలా, ఇంకో మూల ఇంకోలా ఉండొచ్చు. లోపల మిగిలిన మచ్చలు దీనిలాగే ఉన్నాయని ఏమిటి నమ్మకం?"

నా ఒళ్ళు మండిపోయింది. ఏమిటిది? చెత్త మూలలోంచి తీశారు మేడమ్! ఇన్నేళ్ళు వినీ వినీ విసిగిపోయిన మాట, తెల్లకోటు వేసుకుని మళ్ళీ నా ఎదురుగా కూర్చుంది. "డాక్టర్ సాబ్, మేం ఒక్క శాంపిల్ చూసి మొత్తం సరుకు ఉంచుకోవాలో వెనక్కి పంపాలో తేల్చేవాళ్ళం. అలా ఉంచుకున్న ఇనుముతో వేసిన పట్టాల మీదే మీరూ నేనూ రైలెక్కుతున్నాం" అన్నాను. గొంతు పెద్దదయిందని నాకు తెలుసు. 

ఆయన కోపం తెచ్చుకోలేదు. "ఒప్పుకుంటాను. మరి రెండో మూల నుంచి తీసిన ముక్క ఏమైనా ఉందా? రెండూ ఒకే మాట చెబితే నేనూ ఆలోచిస్తాను" అన్నాడు.

నేను ఎందరి నోళ్ళో ఇదే మాటతో మూయించాను. అంపైర్ తెరిపించండి. ఇవాళ ఆయన తెరిపించమంటున్నాడు. అడగడం న్యాయమే.

"ఉంది" అన్నాను. "నేనే చంపేశాను."

చెప్పాను. దారం, లక్క, టిఫిన్ డబ్బా, మంచు అర, అన్నీ. డాక్టరుకి చెప్తున్నాను గానీ అప్ప వైపు చూసే ధైర్యం లేదు. ఒకవేళ ఆ ఒక్క ట్యూబు వల్ల అప్పకి వేళ్ళ మందే రాస్తే, ఆవిడ రెండు చేతులూ నేనే తీసేసినట్టు.

అప్ప నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తీసి బల్ల మీద పెట్టింది. రెండోదీ పెట్టింది. అరచేతులు పైకి, పది వేళ్ళూ చాపి. తన హిందీ మామూలు రోజుల్లోనే సగం తెలుగు. కోపమొస్తే పూర్తిగా తెలుగే. డాక్టరు నా వైపు చూశాడు. నేను ఒక్కో మాటా హిందీలో చెప్తూ వచ్చాను.

"డాక్టర్ సాబ్, రెండో మూల ఇక్కడున్నాది" అంది. "ఆ మందు నా ఒంట్లో ఆరు నెలలు పోసినారు. గిన్నెలో కాదు, నా నెత్తుట్లో పోసినారు. పేగులో గడ్డ అప్పటికే కోసీసినారు కదా? మరి లివర్లో ఈ మచ్చలు ఎక్కడివి? అప్పుడు కంటికి కనపడకుండా నక్కినవే కదా? ఆ మందులో ఆరు నెలలు తడిసి, బతికి, లెగిసి వచ్చినవి ఇవి. ఏడాదిన్నర ఆగినాయి అంటన్నారు. ఆగినాయి గాని చావనేదు. చచ్చినవి ఏటంటే ఇవి." చూపుడువేలితో బొటనవేలిని రాసింది. "మీ గిన్నె ఒక శాంపిల్. నాను రెండో శాంపిల్. రెండూ ఒకే మాట సెప్తన్నాయి. మరేటి కావాలి మీకు?"

తర్జుమా చేస్తూ చివరిదాకా ఒక్క మాట వదలకుండా చెప్పాను.

డాక్టరు చాలాసేపు పాత ఫైలు తిరగేశాడు. రిపోర్టు మళ్ళీ తీశాడు. "రెండూ వాడదగ్గ మందులే. రెండోదే రాస్తాను. మూడు నెలలకి స్కాన్ చేద్దాం. అప్పటికి మచ్చలు పెరిగితే మొదటి మందుకి ఒప్పుకోవాలి ఆంటీజీ" అన్నాడు.

"అప్పుడు మల్లీ తగువు ఆడుకుందాం" అంది అప్ప. దాన్ని కూడా తర్జుమా చేశాను. ఆయన నవ్వాడు.

బయట మెట్ల మీద కూర్చున్నాం. నేను ఏడుస్తున్నాను. అప్ప సంచీలోంచి నీళ్ళసీసా తీసి ఇచ్చింది.

"ఫ్రిజ్‌లో ఆ డబ్బా నాను నెల రోజులబట్టి సూస్తన్నాను. లక్క సీలు ఏసుకుని నీ చేతిరాతతో ఉన్నాది. ఏటో నీ ఆఫీసు పిచ్చి అనుకున్నాను" అంది. తర్వాత, "నా ముక్కకి కూడా అంపైర్ పెట్టినావు. నా కోసం అంత తగువుకి రెడీ అయినోళ్ళు మరెవరున్నారే?" అంది.

రెండో మందు సుఖమైనదేమీ కాదు. విరేచనాలు పట్టుకుని పీల్చేసింది. జుట్టంతా పోయింది. "జుట్టుతో ఎవులు కాజాలు కుడతారు?" అని అప్ప తన షాపులో మిగిలిన పూలగుడ్డ తలకి చుట్టుకుంది. ఓపిక ఉన్న రోజు సెక్టర్ 6 వెళ్ళి కూర్చునేది, లేని రోజు ఇంట్లోనే కుట్టేది. వేళ్ళు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి, ఆ సగం సగంగానే ఉన్నాయి. నేను రోజూ పొద్దున్నే అడిగేదాన్ని. రోజూ విసుక్కునేది.

మూడు నెలల స్కాన్‌లో రెండు మచ్చలు చిన్నవయ్యాయి. మూడోది పెరగలేదు, తరగలేదు. ఆ మూడోది బహుశా ఆ రెండో అంచు లాంటిదేమో అని నా మనసులో ముల్లు గుచ్చుకుంది. అది ఉండిపోతుంది, ఉండనీ. డాక్టరు ఏమీ వ్యాఖ్యానించకుండా అదే మందు కొనసాగించాడు. వేళ్ళ మందు పేరు మాత్రం ఎత్తలేదు.

అదే వారం ల్యాబ్ అమ్మాయి ఫోన్ చేసింది. అప్ప ఉండల్లో మిగిలినవాటిని గడ్డకట్టించి దాచుకుంటామంది. కొత్త మందులు తయారయ్యేటప్పుడు, మనుషులకి ఇవ్వకముందు ఇలాంటి ఉండల మీద చూస్తారట. అందుకు సంతకం కావాలి.

"గడ్డకడితే చచ్చిపోతాయి కదమ్మా!" అన్నాను.

"మాకో పద్ధతి ఉంది మేడమ్. టిఫిన్ డబ్బాలో పెట్టం" అంది. నాకది తగలాల్సిందే, తగిలింది.

కాగితం వచ్చింది. అప్ప మొత్తం నా చేత చదివించుకుంది. చివర ఖాళీ చోట నా చేత ఇలా రాయించింది: "నా ఉండల మీద ఏ కొత్త మందు వేసినా, అది వేళ్ళని ఏం చేస్తుందో కూడా చూడాలి. గడ్డ చస్తే చాలదు." ఆ షరతుకి కాగితంలో చోటు లేదనీ, ఉండలకి వేళ్ళుండవనీ చెప్పాను. "చోటు లేకపోతే మార్జిన్లో రాయి. ఏళ్ళు లేవని నాకు తెలీదేటి? ఏళ్ళ ఉండలు కూడా పెంచమను" అంది. రాశాను. ఆ అమ్మాయి తర్వాత ఫోన్ చేసి, నరాల కణాల్ని కూడా అలా పెంచేవాళ్ళు ఉన్నారనీ, ఆ కాగితం వాళ్ళ పెద్దాయనకి చూపించాననీ చెప్పింది.

ఇక మిగిలింది టిఫిన్ డబ్బా. ఇంట్లో ఇడ్లీపిండి పక్కన అలాంటిది ఉంచుకోకూడదు. ఆసుపత్రిలో ఇలాంటి వ్యర్థాల్ని పసుపు సంచీలో వేస్తారు, తెమ్మన్నారు. పారేసే ముందు చేయాల్సిన పద్ధతి ఒకటుంది కదా. కాగితం తీసి శుభ్రంగా రాశాను: అంపైర్ శాంపిల్, సీలు చెక్కుచెదరలేదు, తెరవకుండానే పారేస్తున్నాం, వివాదం ముగిసింది. కింద రెండు గీతలు, రెండు సంతకాలకి. నేను పెట్టి, అప్ప ముందుకి జరిపాను.

అప్ప అప్పుడు పెళ్ళి జాకెట్టుకి కాజాలు కుడుతోంది. సూదిని కణుపు దగ్గర పట్టుకుని, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని. పూర్తయ్యాక దారం తెంపి, సూదిని గుడ్డకి గుచ్చి, కళ్ళజోడు సర్దుకుని నా కాగితం చదివింది. పెన్ను అందుకుంది. ఆ సగం వేళ్ళతోనే "వివాదం ముగిసింది" అన్న మాటల మీద అడ్డంగా ఒక గీత గట్టిగా కొట్టింది. దాని కింద సంతకం పెట్టి నాకిచ్చేసి, తర్వాతి కాజాకి దారం ఎక్కించుకుంది.